క్యారియర్ పట్టుకున్న గాయకుడు: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో బిల్ విదర్స్ అనే అమెరికన్ గాయకుడి తొలి ఆల్బమ్ 'జస్ట్ యాజ్ ఐ యామ్' గురించి నాలుగు పేరాలు రాశాను. 1971లో వచ్చిన రికార్డు అది. 'ఉన్నది ఉన్నట్టుగా నేను' అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. మామూలుగా నాకు వచ్చే ఉత్తరాలు పాత తెలుగు పాటల మీద ఉంటాయి. ఈసారి సగానికి పైగా ఈ ఒక్క రికార్డు మీదే వచ్చాయి. అందుకని ఈ నెల వేరే ప్రశ్నలేవీ తీసుకోలేదు.

కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట. తిరుపతిలో ఇరవై రెండేళ్లు క్యాసెట్ల రికార్డింగ్ సెంటర్ నడిపాను. జనం కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే అరవై నిమిషాల క్యాసెట్‌లోనో తొంభై నిమిషాల క్యాసెట్‌లోనో ఎక్కించి ఇవ్వడం నా పని. 1984లో ఖాళీ క్యాసెట్ల కోసం మద్రాసు వెళ్లినప్పుడు మూర్ మార్కెట్‌లో పాత రికార్డుల దొంతరలో ఈ అట్ట కనబడింది. ఇటుక గోడ దగ్గర నిలబడిన మనిషి, చేతిలో మధ్యాహ్న భోజనం డబ్బా. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. డబ్బా పట్టుకున్న తీరు మాత్రం బాగా తెలుసు. రేణిగుంట రైల్వే యార్డులో పనికి వెళ్లేటప్పుడు మా నాయన కూడా క్యారియర్‌ను అలాగే పట్టుకునేవారు. పై గిన్నెలో ఊరుబిండి, కింది గిన్నెలో సంగటి ముద్ద. పదిహేను రూపాయలు ఇచ్చి రికార్డు తెచ్చుకున్నాను. మరుసటి ఏడాది ఆ మార్కెట్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

ప్రశ్న: అన్నమయ్య జీవితమంతా పాడిన కొండ కింద కూర్చుని మీరు అమెరికా పాట గురించి రాస్తున్నారు. మన పిల్లలకు మన సంకీర్తనలే సరిగా తెలియవు. ఇంతకీ ఆ గాయకుడు పాడిన ఈ 'సోల్' సంగీతం ఏమిటి? దాన్ని మనం ఎందుకు వినాలి? — విశ్రాంత తెలుగు అధ్యాపకులు, తిరుపతి

జవాబు: అయ్యా, మీ బాధ నాకూ ఉంది. నా దుకాణంలో ఎన్నో ఏళ్లు ఎక్కువగా అమ్ముడుపోయినవి అన్నమయ్య పాటలే. అయినా ఆ పాటలు రాగిరేకుల మీద ఉన్నాయనీ, శతాబ్దాల పాటు ఎవరి కంటా పడకుండా కొండ మీద భాండాగారంలో ఉండిపోయాయనీ కొన్నవారిలో చాలామందికి తెలియదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కూర్చుని పరిష్కరించకపోతే మనకు ఇన్ని దక్కేవి కావు. నేను ఈ అమెరికన్ పాటను ఇష్టపడటానికి దారి చూపింది కూడా అన్నమయ్యే. ఎలాగో చెబుతాను.

అన్నమయ్య ఏం చేశారు? వడ్లు దంచే ఆడవాళ్ల సువ్వి పాటను, తల్లి జోలపాటను, ఉయ్యాల పాటను తీసుకువెళ్లి స్వామి ముందు పెట్టారు. ఇంటి పాట గుడికి చేరింది. అమెరికాలో నల్లజాతి ప్రజల పాట సరిగ్గా ఎదురు దారిలో నడిచింది. వాళ్ల చర్చిలో పాట అంటే మన పండరి భజన లాంటిదే. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావారు అందుకుంటారు, చప్పట్లు పడతాయి, పాడేవాడు ఒకే మాటను పట్టుకుని తిప్పి తిప్పి పాడి అందరినీ ఊపేస్తాడు. 1950లలో రే చార్లెస్, శామ్ కుక్ వంటి గాయకులు ఆ గొంతునే, ఆ ఊపునే బయటికి తెచ్చి దానితో ప్రేమ, ఎడబాటు, సంసారం, కష్టం పాడారు. గుడి పాట ఇంటికి వచ్చింది. దానికే సోల్ అని పేరు. సోల్ గాయని అరిథా ఫ్రాంక్లిన్ ఒక చర్చి బోధకుడి కూతురు, చిన్నప్పుడు తండ్రి చర్చిలోనే పాడింది. ఆమె గొంతులో ఆ చర్చి ఎప్పటికీ పోలేదు.

దీన్ని ఎందుకు వినాలో నేను ఒకరి చేత ఒప్పించలేను. దంపుడు పాటలో దైవం వినబడిన చెవికి ఇది పరాయిగా ఉండదన్నది నా అనుభవం.

ప్రశ్న: అన్నా, నాకు 29 ఏళ్లు. ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. రాత్రిపూట పాటలు రాసి బాణీలు కట్టుకుంటాను. నోటు పుస్తకం నిండింది. ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లిపొమ్మని స్నేహితులు అంటున్నారు. మీరు రాసిన గాయకుడు కూడా ఫ్యాక్టరీ వదిలేసే కదా పైకి వచ్చింది? — ఒక కార్మికుడు, రేణిగుంట

జవాబు: కాదు తమ్ముడూ. అందుకే నీకు కొంచెం ఎక్కువ రాస్తాను.

బిల్ విదర్స్ పుట్టింది 1938 జూలై 4న, వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గుగనుల ఊళ్లో. ఆరుగురు పిల్లల్లో చివరివాడు. పదమూడో ఏట తండ్రి పోయారు. యుక్తవయసులోనే నౌకాదళంలో చేరి తొమ్మిదేళ్లు పనిచేశారు. 1967లో లాస్ ఏంజెలిస్‌కు మారారు. అక్కడ ఒక ఫ్యాక్టరీలో విమానాల్లో అమర్చే మరుగుదొడ్ల సీట్లు తయారుచేసే పని. తాకట్టు దుకాణంలో ఒక గిటారు కొనుక్కుని, పని అయ్యాక వాయించడం నేర్చుకుంటూ పాటలు కట్టారు. జీతంలో మిగిల్చిన డబ్బుతో నమూనా రికార్డింగులు చేయించి కంపెనీల చుట్టూ తిరిగారు. ఆల్బమ్ వచ్చేనాటికి ఆయనకు ముప్పై రెండేళ్లు దాటాయి. నీకింకా మూడేళ్లు ఉన్నాయి.

చివరికి ససెక్స్ అనే చిన్న కంపెనీ ఒప్పుకుంది. నిర్మాణ బాధ్యత బుకర్ టి. జోన్స్‌కు అప్పగించారు. మెంఫిస్ నగరంలో స్టాక్స్ అనే రికార్డు కంపెనీ పాటలకు ఏళ్ల తరబడి వాయించిన బృందానికి నాయకుడాయన. మొదటి రోజు విదర్స్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా స్టూడియోకి వచ్చారు. కాళ్లకు పనివాళ్ల బూట్లు, చేతిలో పాటలున్న నోటు పుస్తకం. లోపల పేరుమోసిన వాద్యకారులందరినీ చూసి, బుకర్ టి.ని పక్కకు పిలిచి, ఈ పాటలు ఎవరు పాడతారని అడిగారట. నువ్వే, అన్నారు బుకర్ టి. పాడటానికి వేరే గాయకుడు ఎవరో వస్తారనే విదర్స్ అనుకున్నారు. ఈ సంగతి బుకర్ టి. స్వయంగా చెప్పినది. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు వేరే పని చేయాలనిపించలేదు. తన పాట తనే పాడవచ్చని ఆ మనిషికి ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

ఇక నీ ప్రశ్న. నాలుగు విడతల్లో రికార్డు చేద్దామనుకున్న ఆల్బమ్ డబ్బు సర్దుబాటు కాక మూడు విడతలకు కుదించుకుంది. రెండో విడతకూ మూడో విడతకూ మధ్య ఆరు నెలలు ఖాళీ. ఆ ఆరు నెలలు ఒక మనిషి ఏం తిని బతుకుతాడు? ఆయనకు ఉద్యోగం ఉంది కాబట్టి పాట చెడిపోలేదు, ఎవరి దయ కోసమూ పాటను మార్చుకోనక్కర్లేకపోయింది. అట్ట మీద ఫోటో కూడా ఫ్యాక్టరీ దగ్గర, మధ్యాహ్న భోజన విరామంలో తీసినదే. డబ్బా ఎవరో ఫోటో కోసం తెచ్చిపెట్టిన వస్తువు కాదు, ఆ రోజు ఆయన తినబోయే అన్నం అందులో ఉంది. సంగీత వ్యాపారం నిలకడ లేనిదని ఆయనకు గట్టి నమ్మకం. చివరికి ఆయన ఉద్యోగం వదల్లేదు. పని తగ్గి ఫ్యాక్టరీ వాళ్లే కొందరిని తాత్కాలికంగా ఆపేసినప్పుడు ఆయనా ఆగారు. తర్వాత ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి మళ్లీ పనిలోకి రమ్మని, రెండోది దేశమంతా చూసే జానీ కార్సన్ టీవీ కార్యక్రమంలో పాడమని.

ఉద్యోగం చేస్తూ పాడితే పాట సగమవుతుందని నీ స్నేహితులు అనుకుంటున్నారు. ఈ ఆల్బమ్ విను. పన్నెండు పాటలు, మొత్తం ముప్పై అయిదు నిమిషాలు. ఎక్కడా సగం మనసు కనబడదు. హైదరాబాద్‌కు సెలవు పెట్టుకుని వెళ్లు, పాట వినిపించు, తిరిగి వచ్చి షిఫ్టుకు హాజరవు. మళ్లీ వెళ్లు. ఇంకో మాట: నీ పాటలు ముందు నీ గొంతుతోనే రికార్డు చెయ్యి. వేరే గాయకుడి కోసం ఎదురుచూడకు.

ప్రశ్న: ఆ ఆల్బమ్‌లోని 'ఎయింట్ నో సన్‌షైన్' (ఆమె లేకపోతే వెలుగే లేదు) పాటలో 'ఐ నో' అనే మాట అదే పనిగా వస్తుంది. మా హాస్టల్లో లెక్కపెడితే 26 సార్లు వచ్చింది. రాయడానికి మాటలు దొరకకే అలా చేశారని నా స్నేహితుడి వాదన. నిజమేనా? — డిగ్రీ విద్యార్థి, మదనపల్లె

జవాబు: మీ లెక్క సరైనదే బాబూ, 26 సార్లే. మీ స్నేహితుడి మాటలోనూ కొంత నిజముంది. ఆ చోట ఒక చరణం రాయాలని విదర్స్ అనుకున్నారు. ఇంకా రాయలేదు కాబట్టి రికార్డింగులో ఖాళీ నింపడానికి 'నాకు తెలుసు, నాకు తెలుసు' అంటూ పాడారు. తర్వాత మాటలు పెడతానంటే బుకర్ టి. వద్దన్నారు. అక్కడున్న మిగతా వాద్యకారులూ అలాగే ఉంచమన్నారు. డ్రమ్స్ మీద ఆల్ జాక్సన్, బేస్ గిటారు మీద డోనాల్డ్ డన్, గిటారు మీద స్టీఫెన్ స్టిల్స్, ఎదురుగా కూర్చుని ధైర్యం చెబుతున్న గాయకుడు గ్రాహమ్ నాష్. ఇంత అనుభవమున్న వాళ్లు ఒకే మాట మీద ఉంటే, ఫ్యాక్టరీ పనివాడినైన నేను కాదనడమెందుకని ఉంచేశానని విదర్స్ తర్వాత చెప్పారు.

నేను మొదటిసారి విన్నప్పటి సంగతి చెబుతాను. దుకాణం షట్టరు సగం దించి, రాత్రి పది దాటాక రికార్డు పెట్టాను. పాటకు ముందు వాయిద్యం ఏదీ లేదు, గొంతుతోనే మొదలైంది. అదే నాకు కొత్త. రెండు చరణాలు అయ్యాయి. ఆ మాట మొదలైంది. అయిదారు సార్లు వచ్చేసరికి ముల్లు గాడిలో ఇరుక్కుందని లేచాను. పాత రికార్డులతో అది రోజూ ఉండే బాధే. ముల్లు ఎత్తడానికి చెయ్యి చాపి వంగాను. అప్పుడు గమనించాను: ఇరుక్కున్న ముల్లు ఒకే ముక్కను ఒకేలా తిప్పుతుంది, ఇక్కడ మాత్రం ఒక్కోసారి ఒక్కో బరువు. ఒక చోట ఊపిరి తీసుకోలేదు. ఒక చోట తనకు తనే సర్దిచెప్పుకుంటున్నట్టు ఉంది. వాయిద్యాలు దాదాపు పక్కకు తప్పుకున్నాయి, వెనక దరువు మాత్రం మిగిలింది. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. రెండు నిమిషాల పాట అది. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

వెళ్లిపోయిన మనిషిని మరిచిపోవాలని అందరూ చెబుతారు. వినేవాడు ఏమంటాడు? తెలుసు, తెలుసు అంటాడు. తెలిసినంత మాత్రాన దుఃఖం తగ్గదు కాబట్టి ఇంకోసారి అంటాడు. ఆ చోట ఎంత గొప్ప చరణం రాసినా ఇంతకంటే నిజంగా ఉండేది కాదని నా అభిప్రాయం. మీ స్నేహితుడికి చెప్పండి, మాటలు దొరకని చోట దొరకలేదని వినబడనివ్వడం చిన్న పని కాదు.

మొదట ఈ పాటను, వైపుకొక పాట ఉండే చిన్న రికార్డులో 'హార్లెమ్' అనే పాట వెనక వైపున వేసి విడుదల చేశారు. రేడియోల వాళ్లు రికార్డు తిప్పి ఇదే వినిపించారు. అమెరికా పాటల పట్టికలో మూడో స్థానం దాకా వెళ్లింది, మరుసటి ఏడాది గ్రామీ పురస్కారం వచ్చింది.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయికి పదకొండేళ్లు. నత్తి ఉంది. మాట్లాడేటప్పుడు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడు. గుడిలో భజన పాడేటప్పుడు మాత్రం ఎక్కడా తడబడడు. బడిలో పిల్లలు వెక్కిరిస్తున్నారు. బిల్ విదర్స్‌కు కూడా నత్తి ఉండేదని మీరు ఒక్క వాక్యం రాశారు. ఇంకొంచెం చెప్పండి. — ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, ఆ ఒక్క వాక్యంతో వదిలేయడం నా పొరపాటు.

ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నత్తి ఉండేది. చిన్నప్పుడు మీవాడిలాగే మాటలు పడ్డారు. దాని గురించి ఆయన చెప్పినది నాకు బాగా గుర్తుండిపోయింది. వినేవాళ్లు తన గురించి ఏమనుకుంటారో అన్న భయం తన నత్తికి ఒక కారణమనీ, ఎదుటివాళ్లందరినీ తనకంటే ఎక్కువగా ఊహించుకునేవాడిననీ ఆయన గ్రహించారు. తనను తాను తక్కువ చేసుకోవడం మానడానికి రకరకాల ఉపాయాలు పట్టారు. మెల్లగా మాట కుదురుకుంది. 2009లో ఆయన మీద వచ్చిన డాక్యుమెంటరీ 'స్టిల్ బిల్'లో, నత్తి ఉన్న పిల్లలతో నాటకాలు వేయించే ఒక బృందాన్ని ఆయన కలుస్తారు. ఆ పిల్లల ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకుంటారు. డెబ్భై ఏళ్ల మనిషి, ప్రపంచమంతా పేరున్న మనిషి.

పాటలో తడబాటు ఎందుకు రాదంటే, పాటలో లయ ముందే ఖాయమై ఉంటుంది, అచ్చులు సాగుతాయి, మాటలు ముందే తెలిసినవి. తర్వాత ఏం చెప్పాలన్న వెతుకులాట ఉండదు. మీ అబ్బాయి గొంతు బాగానే ఉందని ఆ భజనే చెబుతోంది. కానీ పాటతోనే నత్తి పోతుందని నేను చెప్పను. మాట చికిత్స నేర్చిన నిపుణులు పెద్ద ఆసుపత్రుల్లో చెవి, ముక్కు, గొంతు విభాగాల దగ్గర ఉంటారు. ఒకసారి తప్పకుండా చూపించండి, ఆలస్యం చేయకండి. ఇంట్లో మీరు చేయగలిగినవి కూడా ఉన్నాయి. వాడు ఆగినప్పుడు ఆ మాటను మీరు పూర్తి చేయకండి. 'మెల్లగా చెప్పు' అని కూడా అనవద్దు. వాడి ముఖం వైపే చూస్తూ, వాడు చెప్పేదాకా ఆగండి. బడిలో ఉపాధ్యాయులకు కూడా మీరే వెళ్లి చెప్పండి.

ఆ 26 సార్ల మాట సంగతి పైన రాశాను కదా. రాస్తున్నప్పుడు మీ ఉత్తరం నా పక్కనే ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే మాట దగ్గర పదేపదే తడబడిన మనిషి, ముప్పై రెండో ఏట ఒకే మాటను పదేపదే పలికి దాన్ని ఎక్కడ ఆపాలో తానే నిర్ణయించుకున్నారు. ఒక్కసారి కూడా గొంతు తడబడలేదు. ఇంతకాలం ఆ పాటను ఎడబాటు పాటగానే విన్నాను. మీ ఉత్తరం చదివాక ఇలా కూడా వినబడుతోంది. మీ అబ్బాయికి ఆ పాట వినిపించండి. పాడినాయన ఎవరో విన్న తర్వాత చెప్పండి.

ప్రశ్న: నేను హార్మోనియం నేర్చుకుంటున్నాను. ఈయన పాటల్లో నా వంటివారు వాయించగలిగినది ఏదైనా ఉందా? — గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: ఉందమ్మా, కానీ ఈ ఆల్బమ్‌లో కాదు. 1972లో వచ్చిన రెండో ఆల్బమ్ 'స్టిల్ బిల్'లో 'లీన్ ఆన్ మీ' అనే పాట ఉంది. కష్టంలో నా భుజం మీద వాలు, రేపు నాకూ ఆ అవసరం వస్తుంది అని సారాంశం. కాస్త డబ్బు రాగానే విదర్స్ ఒక ఎలక్ట్రిక్ పియానో కొనుక్కున్నారు. వాయించడం పెద్దగా రాదు, మెట్ల మీద వేళ్లను పైకి, కిందికి నడుపుతుంటే ఆ బాణీ వచ్చింది. మీ హార్మోనియం తెల్లమెట్ల మీద సరిగమ ఎక్కి, మగరిస దిగండి. పాట ఎత్తుగడ మీ చేతిలో ఉన్నట్టే. మనం సరళీస్వరాలు మాయామాళవగౌళలో మొదలుపెడతాం, ఇది శంకరాభరణం స్వరస్థానాల్లో ఉంటుంది, అంతే తేడా. ఇరుగుపొరుగు ఒకరినొకరు ఆదుకునే స్లాబ్ ఫోర్క్ ఊరే ఆ పాటకు మూలమని ఆయన చెప్పేవారు. అమెరికాలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ప్రశ్న: ఇంత పేరు వచ్చినాయన పాడటం ఎందుకు మానేశారు? — ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: 1975లో పెద్ద కంపెనీకి మారారు. అక్కడివాళ్లు ఏం పాడాలో, ఎలా పాడాలో చెప్పడం మొదలుపెట్టారు. ఆయనకు అది పడలేదు. 1985లో వచ్చినదే చివరి ఆల్బమ్. ఆ తర్వాత పిల్లల్ని పెంచుకుంటూ ఇంటి పట్టున ఉన్నారు. 2015లో, పేరుమోసిన సంగీతకారులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చినప్పుడు ఆ గౌరవం అందించింది గాయకుడు స్టీవీ వండర్. 2020 మార్చి 30న, 81వ ఏట పోయారు. మానేశారని జాలిపడేవాళ్లున్నారు. నేను పడను. ఫ్యాక్టరీలో ఉండి పాడిన మనిషికి, పాడకుండా బతకడం కూడా తెలుసు.

ప్రశ్న: ఆ తొలి ఆల్బమ్‌లోనే ఉన్న 'గ్రాండ్‌మాస్ హ్యాండ్స్' (అవ్వ చేతులు) పాట విని ఏడ్చాను. మా అవ్వకు 84 ఏళ్లు. ఆమె పాడే పాటలు ఫోనులో రికార్డు చేయాలని ఉంది. ఎప్పుడు ప్రయత్నించినా సరిగా రావడం లేదు. ఎలా చేయాలి? — ఒక మనవరాలు, పుత్తూరు

జవాబు: అమ్మాయీ, పుత్తూరు అని చూడగానే నా కుడిచెయ్యి గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు చింతచెట్టు మీద నుంచి పడి చెయ్యి విరిగితే మా అవ్వ బస్సులో మీ ఊరికి తీసుకొచ్చింది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. కట్టిన వాళ్ల చేతులు గుర్తు లేవు. నేను అరవకుండా నా గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకున్న అవ్వ చెయ్యి గుర్తుంది. బొటనవేలి పక్కన కత్తిపీట తెగిన గీత ఉండేది.

విదర్స్ పాట కూడా అంతే. అవ్వ గొప్పదని ఎక్కడా అనరు. ఆమె చేతులు ఏం చేశాయో వరుసగా చెబుతారు. ఆదివారం చర్చిలో చప్పట్లు కొట్టాయి, గంజిర వాయించాయి, అంత వేగంగా పరుగెత్తకు పడతావని వారించాయి, పెళ్లి కాకుండానే తల్లి అయిన ఒక అమ్మాయిని ఓదార్చాయి. అప్పుడప్పుడు నొప్పితో వాచేవి కూడా. నత్తి ఉన్న చిన్నప్పటి విదర్స్‌ను నమ్మిన మనిషి ఆమే. పాట మొత్తం రెండు నిమిషాలే.

ఇక రికార్డింగు. ఆ ఆల్బమ్ పని జరిగినప్పుడు విదర్స్ ఒక చెక్కపెట్టె వెంట తెచ్చుకుని, దాని మీద కాలితో తాళం వేస్తూ పాడారు. ఇంకెవరైనా అయితే ఆ చప్పుడు వద్దనేవారు. ఇంజనీరు బిల్ హాల్వర్సన్ ఆ పెట్టెకు కూడా ఒక మైకు పెట్టారు. మన హరికథ దాసుగారి కాలి గజ్జెలు తీసేస్తే కథ ఏం మిగులుతుంది? మీ అవ్వ పాడేటప్పుడు గాజులు కదిలినా, తొడ మీద చేత్తో తాళం వేసుకున్నా ఆపకండి.

ఫ్యాను ఆపండి. ఫోను బల్ల మీద నేరుగా పెట్టకండి, మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టండి. నోటికి జానెడున్నర దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే 'ప', 'బ' దగ్గర గాలి కొడుతుంది. ఫోను విమానం గుర్తు మీద పెట్టండి, లేకపోతే మధ్యలో ఎవరో ఒకరు చేస్తారు. ఖాళీ గది వద్దు, పరుపులు, బట్టలు ఉన్న గది మంచిది. 'పాడు అవ్వా' అంటే పాడరు. చేతికి పని ఇవ్వండి. చింతపండు గింజలు తీయమనండి, పూలు కట్టమనండి. ఫలానా పెళ్లిలో ఏం పాడారు అని అడగండి.

చివరగా ఒకటి. మా అవ్వ పాటను నేను 1986లో దుకాణంలోని మంచి డెక్ ఇంటికి తెచ్చి రికార్డు చేశాను. వడ్లు దంచేటప్పుడు పాడే పాట. చక్కగా వచ్చింది. పాట అయిపోగానే, రిబ్బను వృథా కాకూడదని వెంటనే బొత్తాం నొక్కాను. ఇప్పటికీ ఆ క్యాసెట్ నా దగ్గర ఉంది. పాట ముగుస్తుంది, గాజుల చప్పుడు, తర్వాత ఆమె గొంతు: 'ఉండు, నడిమి చరణం మరిచిపోయినా...' అంతే, టక్కుమని ఆగిపోతుంది. మళ్లీ ఇంకోరోజు పాడిద్దాంలే అనుకున్నాను. ఆ వేసవి దాటలేదు ఆమె. ఆ చరణం ఏమిటో మా వాళ్లలో ఎవరికీ తెలియదు. మీ అవ్వ పాట అయిపోయిందనిపించినా ఫోనును ఇంకొంచెం సేపు అలాగే నడవనివ్వండి.